క్లాసులో నోరు పెగలని సంగతులు: కథతో మాట్లాడించడం ఎలా

నాన్న తాగొచ్చి కొడతాడని, అమ్మ వెళ్ళిపోయిందని, ఫలానా వాళ్ళింట్లో మంచినీళ్ళు తాగొద్దన్నారని పిల్లలు క్లాసులో చేయెత్తి చెప్పరు. చెప్పమని మనం అడగనూ కూడదు. అదే సంగతి కథలో ఒక శ్రీనుకో, ఒక సల్మాకో జరిగితే మాత్రం క్లాసంతా మాట్లాడుతుంది. అప్పుడు నడిచేది శ్రీను గురించిన మాట, తన గురించిన మాట కాదు. కథ ఇచ్చే సాయం ఆ కాస్త దూరమే. టీచరు చెయ్యాల్సిందల్లా పీరియడ్ అయ్యేదాకా ఆ దూరం చెరిగిపోకుండా చూసుకోవడం. వినడానికి తేలికే గానీ, దానికి ముందురోజు నుంచీ పని ఉంటుంది.

విజయవాడ, గుంటూరు బడుల్లో మూడు నుంచి తొమ్మిదో తరగతి దాకా చెప్పేవాళ్ళ కోసం ఇది. క్లాసులో 40 మంది పిల్లలు, 45 నిమిషాల పీరియడ్ అనుకుని రాశాం.

కథ ఎంపిక

మొదటి అడ్డంకి మన అలవాటే. కథ అయిపోగానే ‘ఇందులోని నీతి ఏమిటి?’ అని అడిగేస్తాం. పిల్లలకు జవాబు ముందే తెలుసు. ‘తాగడం తప్పు’, ‘అందరం సమానమే’ అని ముందు బెంచీ వాళ్ళు అప్పజెబుతారు. అక్కడితో మాట తెగిపోతుంది. తాగొచ్చే నాన్నంటే భయమూ ఉండి, ప్రేమా ఉన్న పిల్లవాడికి ఆ వాక్యంలో చోటు లేదు. వాడు నోరు మూసుకుంటాడు. అందుకే చివర నీతి రాసి పెట్టిన కథ ఈ పనికి రాదు. కథ బాగుండి చివర్లో మాత్రమే ఉపదేశం ఉంటే ఆ పేరా చదవకుండా వదిలెయ్యండి.

చదివి వినిపించడానికి 600 నుంచి 800 మాటల కథ చాలు. నిదానంగా చదివితే ఎనిమిది, పది నిమిషాలు పడుతుంది. అంతకన్నా పెద్దదైతే మాట్లాడుకోవడానికి టైం మిగలదు. కథలో సమస్య పూర్తిగా తీరిపోనక్కర్లేదు, తీరకపోతేనే మంచిది. అయితే ఆ పిల్లవాడు వెళ్ళి నిలబడగలిగిన మనిషి ఒక్కరైనా కథలో ఉండాలి: పక్కింటావిడ, స్నేహితుడు, బడిలో ఆయా, ఎవరైనా సరే. ఎవరూ లేని కథ విని ఇంటికెళ్ళే పిల్ల మోయలేని బరువుతో వెళుతుంది. కథలో పిల్ల తనంతట తాను ఏదో ఒక పని చెయ్యాలి కూడా. ఎంతసేపూ ఏడుస్తూ కూర్చుని, చివర్లో పెద్దమనిషి ఎవరో వచ్చి కాపాడే కథలో పిల్లలు మాట్లాడటానికి ఏమీ ఉండదు.

కథ మరీ దగ్గరగా ఉన్నా చిక్కే. క్లాసులో ఆటో నడిపే తండ్రి తాగుతాడని అందరికీ తెలిసిన పిల్ల ఒకతి ఉందనుకోండి. కథలో తండ్రి కూడా ఆటో డ్రైవరే అయితే 40 తలలూ ఆ పిల్ల వైపే తిరుగుతాయి. అక్కడితో ఆ దూరం పోయినట్టే. కాబట్టి హాజరు పట్టీ ముందు పెట్టుకుని పేర్లు సరిచూసుకోండి. కథలో పిల్లవాడి పేరు క్లాసులో ఎవరికైనా ఉంటే మార్చండి. పేట పేరు, తండ్రి చేసే పని కూడా అవసరమైతే మార్చండి. మార్చినవి పుస్తకంలో పెన్సిల్‌తో రాసుకోండి. గుర్తుంటాయిలే అనుకుంటే చదివేటప్పుడు మూడో పేజీలో అసలు పేరు నోట్లోంచి వచ్చేస్తుంది.

పుస్తకాల కోసం ఎక్కువ తిరగక్కర్లేదు. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ సైట్‌లో తెలుగు కథలు నాలుగు స్థాయిల్లో ఉచితంగా దొరుకుతాయి. అందులోవి డౌన్‌లోడ్ చేసుకుని జిరాక్స్ తీసి పంచుకోవచ్చు, అనుమతి అడిగే పని లేదు. నేషనల్ బుక్ ట్రస్ట్, ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ వేసే పిల్లల పుస్తకాలు తక్కువ ధరకే వస్తాయి. ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లోనూ, జనవరిలో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవంలోనూ నిలబడి తిరగేసి చూసి కొనుక్కోవచ్చు. పేరు చూసి కొనకండి, చివరి రెండు పేజీలు చదివి కొనండి. ఉపదేశం దాక్కునేది అక్కడే.

మీ బడి ఇంగ్లీష్ మీడియం అయినా ఈ కథ మాత్రం తెలుగులోనే చదవండి. మనసులో మాట ఇంటి భాషలోనే వస్తుంది. క్లాసులో ఉర్దూ మాట్లాడే పిల్లలు, లంబాడీ మాట్లాడే పిల్లలు ఉంటే వాళ్ళను వాళ్ళ భాషలోనే చెప్పనివ్వండి. పక్కన కూర్చున్న పిల్లలు అర్థం చెబుతారు.

ముందురోజు

కథను రెండుసార్లు చదవండి, రెండోసారి పైకి. మీ గొంతు ఎక్కడ పట్టుకుంటుందో అక్కడ గీత పెట్టుకోండి. క్లాసులో ఆ వాక్యం ముందు ఒక్క క్షణం ఆగి ఊపిరి తీసుకుంటే చాలు. టీచరు కళ్ళలో నీళ్ళు తిరిగితే తప్పేం లేదు గానీ, ఏడుస్తూ ఆగిపోతే పిల్లలు మిమ్మల్ని ఓదార్చే పనిలో పడతారు, వాళ్ళ మాట లోపలే ఉండిపోతుంది.

హెచ్‌ఎం గారికి రెండు ముక్కల్లో చెప్పి ఉంచండి: ఏ తరగతికి, ఏ కథ, ఏ విషయం మీద. రేపు తల్లిదండ్రులు ఎవరైనా వచ్చి ‘మా పిల్లకి ఇవేం కథలు?’ అని అడిగితే ఆయనకు ముందే తెలిసి ఉండాలి. కథ కాపీ ఒకటి ఆఫీసు రూంలో పెడితే ఇంకా మంచిది. కథ మొత్తం చదివాక నిలదీసే తల్లిదండ్రులు తక్కువ. పిల్ల ఇంటికెళ్ళి చెప్పిన ఒక్క వాక్యం విని వచ్చేవాళ్ళే ఎక్కువ.

పీరియడ్ ఎంపికలో చాలామంది పొరపడతారు. శనివారం నో బ్యాగ్ డే కదా, తీరిగ్గా ఉంటుందని ఆ రోజు పెడతారు. వద్దు. కథ విన్న పిల్ల ఏదైనా చెప్పాలనుకుంటే మర్నాడు ఆదివారం, మీరు కనపడరు. ఏ రోజైనా సరే, చివరి పీరియడ్ కూడా వద్దు. మంగళ, బుధవారాల్లో రెండో పీరియడ్ గానీ మూడో పీరియడ్ గానీ తీసుకోండి. దాని తర్వాత ఇంటర్వెల్ ఉంటుంది, మధ్యాహ్న భోజనం ఉంటుంది. వరండాలో మీ చుట్టూ తిరగడానికి పిల్లకు వీలు దొరుకుతుంది. చెప్పదల్చుకున్న పిల్లలు చాలాసార్లు అలాగే వస్తారు, ‘మేడం, చాక్‌పీస్ కావాలా?’ అంటూ.

బొమ్మల పుస్తకమైతే వెనక బెంచీకి కనపడదు. క్లాసులో ఐఎఫ్‌పీ ప్యానెల్ (పెద్ద డిజిటల్ తెర) ఉంటే దాని మీద వెయ్యండి. లేకపోతే ముఖ్యమైన నాలుగు బొమ్మలు ఏ3 సైజులో జిరాక్స్ తీయించండి. బెంచీలు జరిపి పిల్లల్ని కింద అర్ధచంద్రాకారంలో రెండు వరసలుగా కూర్చోబెడితే ఒకరి ముఖం ఒకరికి కొంత కనపడుతుంది, పూర్తిగా కనపడదు. పూర్తి గుండ్రంగా కూర్చోబెట్టొద్దు. తలదించుకోవాలనుకునే పిల్లకు గుండ్రంలో చోటు దొరకదు.

పీరియడ్ నడపడం

మొదటి మూడు నిమిషాల్లో కథ దేని గురించో చెప్పెయ్యండి. దాచి పెట్టి ఉలిక్కిపడేలా చెయ్యొద్దు. మాటలు ఇలా ఉండొచ్చు: ‘ఈ కథలో ఒక ఇంట్లో గొడవ ఉంటుంది. వినబుద్ధి కాకపోతే వెనక కూర్చుని బొమ్మ గీసుకోవచ్చు, మంచినీళ్ళకి వెళ్ళి రావొచ్చు. ఎందుకని నేను అడగను, మీరూ అడగొద్దు. మనం మాట్లాడుకునేది కథలో వాళ్ళ గురించే.’ ‘ఇక్కడ చెప్పింది నేనెవరికీ చెప్పను’ అని మాత్రం అనకండి. కొన్ని సంగతులు చెప్పి తీరాల్సి వస్తుంది. అప్పుడు మాట తప్పినవాళ్ళవుతారు.

నాలుగు, అయిదు తరగతులకు సరిపడే చిన్న కథ ఒకటి ఇక్కడ ఇస్తున్నాం. కావాలంటే ఇదే వాడుకోండి.

‘శ్రీను సాయంత్రం హోంవర్క్ చేస్తూనే ఉంటాడు గానీ చెవి గేటు దగ్గరే ఉంటుంది. గొళ్ళెం మెల్లగా తీసిన చప్పుడైతే ఫరవాలేదు. నాన్న మామూలుగా వచ్చినట్టు. ఒక్కోసారి పునుగుల పొట్లం కూడా తెస్తాడు. గేటు ధడాలున గోడకి కొట్టుకుందంటే మాత్రం పుస్తకాలు మంచం కిందికి తోసేసి, చెల్లిని తీసుకుని పక్కింటి మామ్మగారి దగ్గరికి వెళ్ళిపోవాలి. ఆ రోజు గేటు గోడకి కొట్టుకుంది. చెల్లేమో నిద్రపోతోంది. ఎత్తుకోబోతే బరువుగా ఉంది. అయినా ఎత్తుకున్నాడు. మామ్మగారు తలుపు తీసి, ఏమీ అడక్కుండా చాప పరిచింది. పొద్దున్నే నాన్న ఇద్దర్నీ సైకిల్ మీద బడి దగ్గర దించాడు. దార్లో, “రాత్రి అన్నం తిన్నారా నాన్నా?” అని అడిగాడు. “ఊఁ” అన్నాడు శ్రీను. తినలేదు.’

ఇంత చిన్న కథైతే రెండుసార్లు చదవండి. పెద్ద కథ ఒక్కసారే. తాగుబోతు గొంతు అనుకరించకండి. క్లాసు నవ్వుతుంది, ఆ నవ్వు ఎవరో ఒకరికి గుచ్చుకుంటుంది.

చదవడం అయ్యాక ఏమీ అనకండి. మనసులో పది లెక్కపెట్టండి. టీచర్లకు ఇది చాలా కష్టం. 1970లలో అమెరికాలో మేరీ బడ్ రో క్లాసుల్ని గమనించినప్పుడు, ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. మూడు సెకన్లకు పైగా ఆగితే జవాబులు పెద్దవవుతున్నాయని, ఎప్పుడూ మాట్లాడని పిల్లలు కూడా మాట్లాడుతున్నారని ఆమె చూపించారు. అది సైన్సు పాఠాల సంగతి. ఇలాంటి కథకు పది సెకన్లయినా ఇవ్వాలి.

ఆ తర్వాత పదిహేను నిమిషాలు మాట. ఏడన్ ఛేంబర్స్ అనే ఇంగ్లీషు రచయిత కథల మీద మాట్లాడించడానికి నాలుగు దారులు చెప్పాడు: ఏది నచ్చింది, ఏది నచ్చలేదు, ఏది అర్థం కాలేదు, ఏది మళ్ళీ మళ్ళీ వచ్చింది. మొదలుపెట్టడానికి ఇవి చాలు. బోర్డు మీద నాలుగు గళ్ళు గీసి పిల్లలు చెప్పింది చెప్పినట్టు రాయండి. మీ మాటల్లోకి మార్చకండి. ‘గేటు’ అన్న మాట ఎక్కువసార్లు వచ్చిందని ఎవరో ఒకరు పట్టుకుంటారు. అక్కడి నుంచి కథలోకి దిగండి. గేటు చప్పుడు విని శ్రీనుకి ఏం తెలిసేది? పుస్తకాలు మంచం కిందికి ఎందుకు తోసేవాడు? మామ్మగారు ఎందుకు ఏమీ అడగలేదు? అడిగితే బాగుండేదా, అడక్కపోతేనే బాగుందా?

అసలు ప్రశ్న చివరిది. తినకపోయినా శ్రీను ‘ఊఁ’ అని ఎందుకన్నాడు? ఈ ఒక్క ప్రశ్నకు అయిదారు నిమిషాలు ఇవ్వండి. ‘నాన్న బాధపడతాడని’ అంటారు కొందరు. ‘తినలేదంటే మళ్ళీ గొడవవుతుందని’ అంటారు ఇంకొందరు. ‘నాన్నకి రాత్రి సంగతి గుర్తు లేదు కదా, చెప్పి ఏం లాభం’ అనే పిల్ల కూడా ఉంటుంది. ఏదీ తప్పు కాదు. ‘వెరీ గుడ్’ అని ఒకదాన్ని మెచ్చుకున్నారో, మిగతా పిల్లలు దాన్నే తిప్పి తిప్పి చెబుతారు. ‘ఇంకా?’ అని ఊరుకోండి.

అడక్కూడని ప్రశ్నలు రెండున్నాయి. ‘మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగిందా?’ అన్నది ఎప్పుడూ అడక్కూడదు. ‘శ్రీను స్థానంలో నువ్వుంటే ఏం చేసేవాడివి?’ అన్నది మొదట్లోనే అడక్కూడదు. అడిగితే ప్రతివాడూ హీరో అయిపోతాడు: ‘పోలీసులకి చెప్పేవాణ్ణి’, ‘బాటిల్ పగలగొట్టేవాణ్ణి’. నిజంగా ఆ ఇంట్లో ఉండి ఏమీ చెయ్యలేకపోతున్న పిల్లకు ఇవి వింటుంటే తప్పంతా తనదే అనిపిస్తుంది.

ఇంకో పన్నెండు నిమిషాలు చేతికి పని. శ్రీను ఇల్లు, గేటు, మంచం, మామ్మగారి ఇల్లు ఉన్న పటం గీయించండి. శ్రీను నడిచిన దారికి ఒక రంగు, తనకు భయం లేని చోటికి ఇంకో రంగు. రాయడం రాని పిల్లలూ ఇందులో వెనకబడరు. కథను నాటకంగా వేయించొద్దు. తండ్రి వేషం కోసం పిల్లలు పోటీ పడతారు, తూలుతూ నడిచి నవ్విస్తారు, పీరియడ్ కాస్తా పాడవుతుంది.

చీటీల డబ్బా కూడా అప్పుడే. నోటు పుస్తకం కాగితాన్ని ఎనిమిది ముక్కలు చేసి తలా ఒకటి ఇవ్వండి. కథ గురించి ఏదైనా రాయమనండి, పేరు వాళ్ళ ఇష్టం. చెప్పడానికి ఏమీ లేనివాళ్ళు ‘ఏమీ లేదు’ అని రాయాలి. ఈ నియమం ముఖ్యం. అందరి పెన్నులూ కదిలితే ఎవరు రాస్తున్నారో ఎవరికీ తెలియదు. చీటీలు లీడర్ చేత పోగు చేయించొద్దు, మీరే డబ్బా పట్టుకుని తిరగండి. ఆ రోజే, పిల్లలు ఇంటికెళ్ళేలోపే అన్నీ చదవండి. రేపు చూద్దామని బీరువాలో పెట్టిన డబ్బాలో ఈ రాత్రికే సాయం కావాల్సిన పిల్ల చీటీ ఉండొచ్చు.

చివరి అయిదు నిమిషాలు కథలోంచి బయటికి తీసుకురావాలి. బెల్లు కొట్టేదాకా శ్రీను ఇంట్లోనే ఉండిపోతే తర్వాతి లెక్కల సార్‌కు పిల్లలు దొరకరు. ‘శ్రీనుకి చెప్పుకోవడానికి మామ్మగారు ఉంది. మన బడిలో చెప్పుకోవాలంటే నేనున్నాను, పీఈటీ సార్ ఉన్నారు, ఆయమ్మ ఉంది’ అని పేరు పేరునా చెప్పండి. పిల్లల కోసం పగలూ రాత్రీ పనిచేసే ఉచిత నంబరు 1098 గోడ మీద రాయించి చూపించండి. తర్వాత లేచి నిలబడి ఏదైనా ఆట, లేదంటే రెండు పొడుపు కథలు.

‘మా నాన్న కూడా అంతే మేడం’

ఎంత జాగ్రత్తపడ్డా ఈ మాట ఒక్కోసారి క్లాసు మధ్యలోనే వస్తుంది. అప్పుడు ముఖంలో కంగారు కనపడనివ్వకండి. ‘చెప్పావు, మంచి పని చేశావమ్మా. ఈ సంగతి మనిద్దరం ఇంటర్వెల్‌లో మాట్లాడుకుందాం’ అని, వెంటనే క్లాసు వైపు తిరిగి, ‘ఇంతకీ మామ్మగారి సంగతేంటి?’ అని కథను ముందుకు లాగండి. ఎవరైనా నవ్వితే కొట్టొద్దు, అక్కడే ఉపన్యాసమూ వద్దు. ‘నవ్వే చోటు కాదది’ అని ఒక్క మాట చాలు. మిగతాది తర్వాత విడిగా మాట్లాడండి. ఇంటర్వెల్‌లో మాట్లాడతానని అన్నాక తప్పక మాట్లాడాలి. స్టాఫ్ మీటింగ్ ఉందని వెళ్ళిపోతే ఆ పిల్ల ఇంకోసారి నోరు విప్పదు.

విడిగా మాట్లాడేటప్పుడు తలుపు తీసే ఉంచండి, పదిమందికీ కనపడేలా, మాట మాత్రం వినపడకుండా. ‘ఏం జరిగిందో నీకు చెప్పాలనిపించినంత చెప్పు’ అని ఊరుకోండి. ఎప్పుడు, ఎన్నిసార్లు, ఎక్కడ, నిజమేనా అని గుచ్చి గుచ్చి అడగడం మీ పని కాదు. ఆమె వెళ్ళాక ఆమె అన్న మాటల్నే, తేదీ, సమయం వేసి రాసుకోండి. మీ ఊహలు అందులో కలపకండి. అదే రోజు హెచ్‌ఎం గారికి చెప్పండి. స్టాఫ్ రూంలో టీ తాగుతూ ఇంకెవరికీ చెప్పకండి.

లైంగిక వేధింపు అయితే చెప్పాలా వద్దా అన్న ప్రశ్నే లేదు. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, 18 ఏళ్ళలోపు పిల్లల మీద ఇలాంటి నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు గానీ, ప్రత్యేక బాలల పోలీసు విభాగానికి గానీ తెలియజేయాలి. తెలిసీ చెప్పకపోతే 21వ సెక్షన్ కింద 6 నెలల దాకా జైలు శిక్ష గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. సంస్థ బాధ్యతలో ఉన్నవాళ్ళు తమ కింద పనిచేసేవాళ్ళ నేరాన్ని దాస్తే అది ఏడాది దాకా ఉంటుంది. బడి పరువు పోతుందని, ఆ పిల్ల పెళ్ళికి అడ్డమవుతుందని ఆపేవాళ్ళు ఉంటారు. ఆగకండి. పిల్ల చెప్పింది ఇంట్లో మనిషి గురించే అయితే ముందుగా ఆ ఇంటికే కబురు పెట్టడం పెద్ద ప్రమాదం. 1098కి ఫోన్ చేసి ఏం చెయ్యాలో అడగండి.

ఒక్కో విషయానికి ఒక్కో జాగ్రత్త

బుడమేరు వరద. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట పిల్లలు రోజుల తరబడి మేడల మీద గడిపారు, పడవల్లో వచ్చిన అన్నం పొట్లాలు తిన్నారు. వాళ్ళూ, ఆ నీళ్ళు టీవీలో మాత్రమే చూసిన పటమట పిల్లలూ ఒకే క్లాసులో ఉండొచ్చు. వరద కథను వాన పడే రోజు చదవొద్దు. వానాకాలం అయిపోయాక, డిసెంబరు, జనవరిలో చదవండి. ‘మీరేం పోగొట్టుకున్నారు?’ అని అడిగితే జాబితాలు, పోటీలు మొదలవుతాయి: మా ఫ్రిజ్, మా బండి, మా టీవీ. ఏమీ పోనివాడు సిగ్గుపడతాడు, అన్నీ పోయినవాడు బిగుసుకుపోతాడు. దానికి బదులు కథలోని పిల్ల మేడ ఎక్కేటప్పుడు మొదట ఏం పట్టుకెళ్ళిందో, ఎందుకో అడగండి. పుస్తకాల సంచీ అన్నవాళ్ళను, కుక్కపిల్ల అన్నవాళ్ళను, అమ్మమ్మ మందులన్నవాళ్ళను అందర్నీ చెప్పనివ్వండి. నీళ్ళు తీసేశాక ఇల్లు కడుక్కునే ఘట్టం ఉన్న కథ దొరికితే మరీ మంచిది. బురద ఎత్తిపోసిన సంగతి చెప్పడానికి పిల్లల దగ్గర చాలా ఉంటుంది. ఏం చేశామో చెప్పడం వాళ్ళకు బలాన్నిస్తుంది.

చావు. ఏడేళ్ళలోపు పిల్లల్లో చాలామందికి చనిపోయినవాళ్ళు తిరిగి రారన్నది పూర్తిగా తెలియదు. తాతయ్య ఊరెళ్ళాడనో, నిద్రపోయాడనో చెబితే కొందరు వాకిట్లో ఎదురుచూస్తారు, కొందరు పడుకోవడానికే భయపడతారు. కాబట్టి కథలోనూ, మీ నోటా ‘చనిపోయారు’ అన్న మాటే ఉండాలి. ఎందుకు చనిపోయారో కథలో స్పష్టంగా ఉండాలి: జబ్బో, ప్రమాదమో. అది లేకపోతే తన అల్లరి వల్లే ఇలా జరిగిందనుకునే పిల్లలుంటారు. క్లాసులో ఎవరి ఇంట్లోనైనా చావు జరిగితే పెద్దకర్మ అయ్యి ఆ పిల్ల బడికి రాగానే ఈ కథ తీయొద్దు. కొన్ని వారాలు ఆగి, కథ ముందుగా ఆమెకే చూపించి, ‘ఇది క్లాసులో చదవనా, వద్దా?’ అని అడగండి. వద్దంటే వద్దు. చనిపోయాక ఎక్కడికి వెళతారని పిల్లలు అడుగుతారు. హిందువుల, క్రైస్తవుల, ముస్లింల పిల్లలు కలిసి కూర్చునే క్లాసులో మీ నమ్మకం చెప్పకండి. ‘ఒక్కో ఇంట్లో ఒక్కోలా నమ్ముతారు. మీ ఇంట్లో ఏమంటారో అమ్మనడుగు. తిరిగి రారన్నది మాత్రం అందరికీ ఒకటే’ అంటే చాలు.

కులం. దీనికి కథ దొరకడం కష్టం, దొరికినవాటిలోనూ దళిత పిల్లవాడు జాలి పడాల్సిన వాడిగానే కనపడతాడు. వాడు ఏడవడం, పై కులం పెద్దమనిషి మనసు మారడం, అయిపోవడం. ఈ కథ వద్దు. వాడు ఆడుకునే, దెబ్బలాడే, నవ్వించే, ఎదురు ప్రశ్న వేసే కథ వెతకండి. గుడిలోకి రానివ్వని మనిషి, గుళ్ళోకి వెళ్ళగలిగే గబ్బిలం చేత శివుడికి తన గోడు చెప్పి పంపినట్టు ‘గబ్బిలం’ కావ్యం రాసిన జాషువాది మన వినుకొండే. గబ్బిలానికున్న దారి మనిషికి ఎందుకు లేదన్న ప్రశ్న ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు వెంటనే తగులుతుంది. చర్చలో ఏ పిల్లనీ ‘మీ వాళ్ళలో ఎలా ఉంటుంది?’ అని అడగకండి. కాలనీ పేర్లనే తిట్లుగా వాడటం పిల్లలకు అలవాటు. ఆ మాట వస్తే అక్కడే ఆపి, అది మనిషిని తక్కువ చేసే మాటని, ఈ క్లాసులో వినపడకూడదని చెప్పి ముందుకు సాగండి. విననట్టు ఊరుకుంటే ఒప్పుకున్నట్టే.

మార్కులు, ఫెయిలవడం. తొమ్మిదో తరగతికి ఇది తప్పనిసరి. ఇంటర్ ఫలితాల వార్తలు వాళ్ళు వింటూనే ఉంటారు. చనిపోయాక అందరూ ఏడ్చారని, అప్పుడే విలువ తెలిసిందని చెప్పే కథ ఎంత గొప్పగా రాసినా క్లాసులోకి తేవొద్దు. చావుతో అందరి ప్రేమా దొరుకుతుందన్న ఊహ దాని వల్ల కలుగుతుంది. తప్పినవాడు సప్లిమెంటరీ రాసే కథ, ఇంట్లో ఆ నెల రోజులు ఎలా గడిచాయో చెప్పే కథ తీసుకోండి. మానసికంగా నలిగిపోతున్నవాళ్ళు ఏ వేళైనా మాట్లాడటానికి ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉంది. 1098 పక్కనే దాన్నీ రాయించండి.

చెడు స్పర్శ. కథలో చెడ్డవాడు ముక్కూమొహం తెలియనివాడైతే ఆ కథ పిల్లల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఎక్కువగా తెలిసినవాళ్ళే ఈ పని చేస్తారు. కథలోనూ మావయ్యో, ట్యూషన్ సారో అయి ఉండాలి. ‘ఎవరికీ చెప్పకు’ అన్న మాట కథలో ఎక్కడుందో పిల్లల చేతే పట్టించండి. ఇలాంటి పీరియడ్‌లో ఇంకో టీచరు కూడా గదిలో ఉండటం అవసరం.

వలస. మిరప కోతల కాలంలో కర్నూలు వైపు నుంచి గుంటూరు, పల్నాడు పొలాలకు కుటుంబాలు వస్తాయి. కొన్ని బడుల్లో జనవరిలో కొత్త ముఖాలు కనపడి ఏప్రిల్‌కి మాయమవుతాయి. వలస కథ చదివేటప్పుడు అది క్లాసులోకి వచ్చిన పిల్లవాడి వైపు నుంచి చెప్పినదై ఉండాలి, వాణ్ణి చూసి జాలిపడే పిల్లల వైపు నుంచి చెప్పినది కాదు.

తర్వాతి వారం

ఒకదాని వెంట ఒకటి ఇలాంటి కథలే చదివితే ‘మేడం పుస్తకం తీసిందంటే ఏడుపే’ అని పిల్లలు విసిగిపోతారు. నెలకు ఒకటి చాలు. మధ్యలో మూడు నవ్వించే కథలైనా పడాలి. చదివిన కథ రెండు కాపీలు లైబ్రరీ మూలలో అందేటట్టు పెట్టండి. క్లాసులో ఒక్క మాటా మాట్లాడని పిల్ల ఆ పుస్తకాన్ని మూడుసార్లు తీసుకెళ్ళడం మామూలే. రిజిస్టర్‌లో తేదీ వేసుకోండి, ఎందుకు తీసుకున్నావని అడగకండి. అదే పేరు నాలుగోసారి కూడా కనపడితే ఆ వారంలో ఒకరోజు భోజనాల దగ్గర ఆమె పక్కన కూర్చోండి.

మీ నోటు పుస్తకంలో ప్రతి పీరియడ్‌కు మూడు సంగతులు రాసుకోండి: ఏ ప్రశ్న దగ్గర క్లాసు లేచింది, ఏ ప్రశ్న దగ్గర చచ్చుబడింది, ఎవరు మంచినీళ్ళకని బయటికి వెళ్ళారు. పై సంవత్సరం అదే కథ ఇంకో సెక్షన్‌కు చెప్పేటప్పుడు మొదటి రెండూ మీకు పనికొస్తాయి. మూడోది మాత్రం ఈ సంవత్సరానికే. ఆ పేర్లున్న పేజీ బల్ల మీద వదలకుండా మీ దగ్గరే ఉంచుకోండి.